హైబర్నేట్ తీసేసి నేరుగా ఎస్‌క్యూఎల్‌కి మారాలంటే: ఏది ముందు, ఏది తర్వాత, ఎక్కడ దెబ్బ తగులుతుంది

అడిగిన ప్రశ్న క్లుప్తంగా ఇదీ: స్ప్రింగ్ బూట్ 3 (జావా ఫ్రేమ్‌వర్క్), పోస్ట్‌గ్రెస్ డేటాబేస్ మీద నడిచే ఆర్డర్లు, పేమెంట్ల అప్లికేషన్. డేటాబేస్‌తో మాట్లాడేది హైబర్నేట్, అంటే జావా ఆబ్జెక్ట్‌లని టేబుళ్లతో జతచేసి ఎస్‌క్యూఎల్‌ని తనే తయారు చేసే లైబ్రరీ. 70 దాకా ఎంటిటీలు (టేబుళ్లకి జతగా ఉండే జావా క్లాసులు). సగం కోడ్ ఇప్పటికే నేటివ్ క్వెరీల్లో (హైబర్నేట్ ద్వారానే నేరుగా రాసిన ఎస్‌క్యూఎల్) ఉంది. ఫ్లష్ (ఆగి ఉన్న మార్పుల్ని డేటాబేస్‌కి పంపడం), క్లియర్ (చదివి పెట్టుకున్న కాపీలు వదిలెయ్యడం) పిలుపులు ఎందుకో తెలియకుండా కోడ్ నిండా ఉన్నాయి. ఏ స్క్రీన్ వెనక ఏ క్వెరీ నడుస్తోందో టీమ్‌లో ఎవరూ గట్టిగా చెప్పలేని పరిస్థితి. అందుకే హైబర్నేట్ పూర్తిగా తీసేసి ఎస్‌క్యూఎల్ చేత్తో రాసుకోవాలనుకుంటున్నారు. ఒక్కసారే తిరగరాయాలా, కొంచెం కొంచెంగా మార్చాలా? ఎస్‌క్యూఎల్ నడపడానికి స్ప్రింగ్ ఇచ్చే జేడీబీసీ క్లయింట్ మేలా, ఎస్‌క్యూఎల్‌ని జావా కోడ్‌గా రాయనిచ్చే జూక్ లైబ్రరీ మేలా?

ఒక్కసారే మాత్రం వద్దు. ముందు డేటాని చదివే కోడ్ మార్చండి. తర్వాత రాసే కోడ్‌ని టేబుల్ చొప్పున మార్చండి. ఏ దశలోనైనా ఒక టేబుల్‌కి రాసేది ఒక్క దారి గుండానే జరగాలి: హైబర్నేట్ అయినా సరే, ఎస్‌క్యూఎల్ అయినా సరే, రెండూ మాత్రం కాదు. క్వెరీలు రాయడం ఇందులో సులువైన భాగం. హైబర్నేట్ మనం అడక్కుండానే చేసిపెడుతున్న పనులు చాలా ఉంటాయి. అవి ఆగిపోతే ఎర్రర్ రాదు, టెస్టులు కూడా చాలావరకు పాసవుతాయి, డేటా మాత్రం చాప కింద నీరులా పాడవుతూ పోతుంది. నా సమాధానంలో ఎక్కువ భాగం వాటి గురించే.

మారడం అవసరమా అన్నది ముందు తేల్చుకోండి

స్లోగా ఉందన్నది ఒక్కటే బాధ అయితే మూడు చోట్ల చూడండి. మొదటిది ఓపెన్-ఇన్-వ్యూ. స్ప్రింగ్ బూట్‌లో అది డిఫాల్ట్‌గా ఆన్‌లో ఉంటుంది. జవాబు జేసన్‌గా తయారయ్యేదాకా సెషన్ (చదివిన ఆబ్జెక్ట్‌ల కాపీలు పెట్టుకుని హైబర్నేట్ పనిచేసే చోటు) తెరిచే ఉంటుంది కాబట్టి, అవసరమైనప్పుడే తెచ్చే (లేజీ లోడింగ్) డేటా ఇంకా రాకముందు దాని గెట్టర్ పిలిచినప్పుడల్లా ఒక సెలెక్ట్ పోతుంది. దాన్ని ఆఫ్ చేసి టెస్టులు నడపండి. ఎక్కడెక్కడ లేజీ ఇనిషియలైజేషన్ ఎక్సెప్షన్ వచ్చిందో, ఎన్-ప్లస్-వన్ క్వెరీల (లిస్టుకి ఒక క్వెరీ, తర్వాత దాని ఒక్కో వరసకీ ఇంకో క్వెరీ) కోసం ముందు వెతకాల్సింది అక్కడే. రెండోది, కలెక్షన్‌ని జాయిన్ ఫెచ్ చేస్తూ పేజింగ్ కూడా పెట్టిన క్వెరీలు. అలాంటి చోట హైబర్నేట్ లిమిట్‌ని డేటాబేస్‌కి పంపదు. వరసలన్నీ తెచ్చుకుని మెమరీలో పేజీ కత్తిరిస్తుంది, లాగ్‌లో ఒక వార్నింగ్ రాసి ఊరుకుంటుంది. మూడోది, ఐడెంటిటీ జనరేటర్, అంటే ఇన్సర్ట్ సమయంలో ఐడీని డేటాబేసే ఇచ్చే పద్ధతి. అది వాడుతున్న ఎంటిటీకి ఇన్సర్ట్ బ్యాచింగ్ పనిచెయ్యదు. ఈ మూడింటికీ హైబర్నేట్‌ని పీకెయ్యక్కర్లేదు.

మారడానికి సరైన కారణాలు వేరే ఉన్నాయి. విండో ఫంక్షన్లు, ఆన్ కాన్‌ఫ్లిక్ట్, స్కిప్ లాక్డ్ లాంటి పోస్ట్‌గ్రెస్ ఎస్‌క్యూఎల్ సదుపాయాలు కావాల్సి వచ్చి సగం కోడ్ ఇప్పటికే నేటివ్ క్వెరీల్లో ఉండటం ఒకటి. ఫ్లష్, క్లియర్ పిలుపులు ఎందుకు పెట్టారో తెలియకుండా కోడ్ నిండా పరుచుకుని ఉండటం ఇంకొకటి. మీ ప్రశ్నలో రెండూ కనిపిస్తున్నాయి కాబట్టి మారడం న్యాయమే అనుకుని మిగతాది రాస్తున్నాను.

ఏది ముందు మార్చాలో ఊహించకండి, లెక్క చూసి తేల్చండి. పోస్ట్‌గ్రెస్ సెట్టింగ్ షేర్డ్_ప్రీలోడ్_లైబ్రరీస్‌లో, క్వెరీల లెక్కలు పెట్టే పీజీ_స్టాట్_స్టేట్‌మెంట్స్ చేర్చి, సర్వర్ రీస్టార్ట్ చేసి, డేటాబేస్‌లో ఆ ఎక్స్‌టెన్షన్ క్రియేట్ చెయ్యండి. ఒక వారం ఆగి టోటల్_ఎగ్జెక్_టైమ్ ప్రకారం పైనున్న 20 క్వెరీలు తియ్యండి. పోస్ట్‌గ్రెస్ 13 నుంచి ఆ కాలమ్ పేరు ఇదే. సగటు టైమ్ తక్కువే ఉండి కాల్స్ సంఖ్య విపరీతంగా ఉన్నవే సాధారణంగా లేజీ లోడింగ్ తెచ్చిపెట్టినవి.

హైబర్నేట్ చాటుగా చేస్తున్న పనుల జాబితా

ఒక్క క్వెరీ రాయకముందే ఎంటిటీ క్లాసులన్నీ తెరిచి, టేబుల్‌కి ఒక వరస చొప్పున ఒక షీట్ తయారు చెయ్యండి. 70 ఎంటిటీలకి విసుగు పుట్టించే పనే. కానీ దీన్ని దాటేసిన ప్రాజెక్ట్ తర్వాత తప్పకుండా బాధపడుతుంది. వెతకాల్సినవి ఇవీ.

అన్నిటికన్నా ముందు ఫిల్టర్లు, అంటే క్వెరీలని మార్చమని హైబర్నేట్‌కి చెబుతూ ఎంటిటీ మీద పెట్టే ఈ @ గుర్తులు. @వేర్, దాని స్థానంలో తర్వాత వచ్చిన @ఎస్‌క్యూఎల్‌రిస్ట్రిక్షన్, @ఎస్‌క్యూఎల్‌డిలీట్, @ఫిల్టర్, @టెనెంట్‌ఐడీ. సాఫ్ట్ డిలీట్ (వరసని తీసెయ్యకుండా చెరిపినట్టు గుర్తు మాత్రమే పెట్టడం) ఉన్న టేబుల్ మీద చేత్తో సెలెక్ట్ రాసి ఫిల్టర్ మర్చిపోతే, చెరిపేసిన కస్టమర్ మళ్లీ లిస్టులో కనిపిస్తాడు. టెనెంట్ (ఒకే అప్లికేషన్‌ని పంచుకునే ఒక్కో కంపెనీ) ఫిల్టర్ మర్చిపోతే ఒక కంపెనీ డేటా ఇంకో కంపెనీకి కనిపిస్తుంది. ఇది మనుషుల జ్ఞాపకశక్తికి వదిలేసే విషయం కాదు. సాఫ్ట్ డిలీట్‌కి ఒక వ్యూ పెట్టి చదివే కోడ్ అంతా వ్యూ మీదే నడపండి. టెనెంట్‌కి పోస్ట్‌గ్రెస్‌లోనే రో లెవెల్ సెక్యూరిటీ (ఎవరికి ఏ వరసలు కనిపించాలో చెప్పే పాలసీ) పెట్టండి. ఒక సంగతి గుర్తుంచుకోవాలి: టేబుల్ ఓనర్‌కి ఆ పాలసీ వర్తించదు. అప్లికేషన్ ఓనర్ యూజర్‌తోనే కనెక్ట్ అవుతుంటే ఫోర్స్ రో లెవెల్ సెక్యూరిటీ పెట్టాలి, లేదంటే యూజర్‌నే వేరు చెయ్యాలి. సూపర్‌యూజర్‌కి ఫోర్స్ పెట్టినా వర్తించదు. టెనెంట్ ఐడీని సెట్_కాన్ఫిగ్‌తో, మూడో పారామీటర్ ట్రూ ఇచ్చి, ట్రాన్సాక్షన్ వరకే ఉండేలా పంపండి. లేకపోతే పూల్‌లోకి (మళ్లీ వాడుకోవడానికి తెరిచి ఉంచే కనెక్షన్ల గుంపులోకి) తిరిగి వెళ్లిన కనెక్షన్ పాత టెనెంట్‌ని మోసుకుంటూ తిరుగుతుంది.

తర్వాత కన్వర్టర్లు. పాన్ నంబర్‌ని ఎన్‌క్రిప్ట్ చేసే ఆట్రిబ్యూట్ కన్వర్టర్ ఎంటిటీలో ఉందనుకోండి. చేత్తో రాసిన ఇన్సర్ట్ అదే కాలమ్‌లో మామూలు అక్షరాలు రాసేస్తుంది. కాలమ్ టైప్ టెక్స్ట్ కాబట్టి డేటాబేస్ ఏమీ అనదు. ఈనమ్‌లు కూడా చూడాలి: @ఎన్యూమరేటెడ్‌కి డిఫాల్ట్ ఆర్డినల్, అంటే కాలమ్‌లో ఉన్నవి 0, 1, 2 మాత్రమే. ఎస్‌క్యూఎల్‌లో స్టేటస్ = 2 అని రాయడం మొదలుపెడితే ఆరు నెలల తర్వాత చదివేవాడికి ఏమీ అర్థం కాదు. ఈ సందర్భంలోనే వాటిని టెక్స్ట్‌కి మార్చి చెక్ కన్‌స్ట్రెయింట్ పెట్టుకోవడం మంచిది.

@ప్రీపర్సిస్ట్, @ప్రీఅప్‌డేట్, @క్రియేషన్‌టైమ్‌స్టాంప్, @అప్‌డేట్‌టైమ్‌స్టాంప్, స్ప్రింగ్ ఆడిటింగ్‌లోని @లాస్ట్‌మాడిఫైడ్‌బై: వీటన్నిటికీ ఎస్‌క్యూఎల్‌లో చోటు చూపించాలి. టైమ్‌స్టాంప్‌కి కాలమ్ డిఫాల్ట్‌గా నౌ() పెట్టొచ్చు. అయితే పోస్ట్‌గ్రెస్‌లో నౌ() ట్రాన్సాక్షన్ మొదలైన సమయం ఇస్తుంది. ఒకే ట్రాన్సాక్షన్‌లో రాసిన వెయ్యి వరసలకీ అదే సమయం పడుతుంది. టైమ్‌స్టాంప్‌తో వరస క్రమం తేల్చే కోడ్ ఉంటే క్లాక్_టైమ్‌స్టాంప్() వాడండి. ఎన్వర్స్ (మార్పుల చరిత్ర దాచే హైబర్నేట్ భాగం) వాడుతుంటే దాని లిజనర్లు చేతి ఎస్‌క్యూఎల్‌ని గమనించవు, హిస్టరీ టేబుళ్లలోకి ఆ మార్పులు చేరవు. ఆ టేబుళ్లకి ముందుగా ట్రిగ్గర్లు రాసి, ఆ తర్వాతే రాసే కోడ్‌ని ముట్టుకోండి.

చాలామంది దృష్టికి రాని ఇంకో పని ఉంది. ఎంటిటీ ఫీల్డ్ మీద @నాట్‌నల్, @సైజ్, @ఈమెయిల్ ఉంటే, సేవ్ చేసే ముందు జేపీఏ (హైబర్నేట్ అమలుచేసే జావా ప్రమాణం) వాటిని తనంతట తానే తనిఖీ చేస్తుంది. హైబర్నేట్ దారి వదలగానే ఆ తనిఖీ పోతుంది. రిక్వెస్ట్ ఆబ్జెక్ట్ మీద @వ్యాలిడ్ పెట్టండి, వీలైనవన్నీ డేటాబేస్‌లో నాట్ నల్, చెక్ కన్‌స్ట్రెయింట్లుగా దించండి. పాత డేటా ఆ నియమం పాటించకపోవచ్చు. చెక్‌ని ముందు నాట్ వ్యాలిడ్‌గా చేర్చి, డేటా సరిచేసి, తర్వాత వ్యాలిడేట్ చెయ్యండి. అప్పుడు పెద్ద టేబుల్ మీద భారీ లాక్ ఎక్కువసేపు పట్టుకోవాల్సిన పని ఉండదు.

మిగిలినవి త్వరగా: కాస్కేడ్ (ఎంటిటీతో పాటు దాని పిల్లల్నీ సేవ్, డిలీట్ చెయ్యడం), ఆర్ఫన్ రిమూవల్ (లిస్టులోంచి తీసినదాన్ని డిలీట్ చెయ్యడం) ఎక్కడున్నాయి; @ఆర్డర్‌బై ఎక్కడుంది; సింగిల్ టేబుల్ ఇన్‌హెరిటెన్స్‌లో డీటైప్ (వరస ఏ క్లాస్‌దో చెప్పే) కాలమ్ ఏవేవి; సెకండ్ లెవెల్ క్యాష్ (సెషన్లన్నీ పంచుకునే క్యాష్) ఏ ఎంటిటీలకి ఉంది; @వెర్షన్ (వరస మారిన ప్రతిసారీ పెరిగే నంబర్) ఎక్కడుంది; ఐడీ జనరేటర్ ఏది.

స్కీమా హక్కు చేతుల్లోకి తీసుకోండి

టేబుళ్లని హైబర్నేటే మార్చనిచ్చే డీడీఎల్-ఆటో సెట్టింగ్ అప్‌డేట్‌లో ఉంటే ఈరోజే వ్యాలిడేట్‌కి మార్చండి. ప్రొడక్షన్ నుంచి స్కీమా మాత్రమే డంప్ తీసి ఫ్లైవేలో (స్కీమా మార్పుల్ని వెర్షన్లుగా నడిపే టూల్) మొదటి వెర్షన్‌గా పెట్టి, ఉన్న డేటాబేస్‌ని బేస్‌లైన్ చెయ్యండి. డంప్ కచ్చితంగా ప్రొడక్షన్ నుంచే రావాలి. ఎవరో ఎప్పుడో చేత్తో వేసిన ఇండెక్స్‌లు ఎంటిటీ క్లాసుల్లో ఉండవు. టెస్టులు హెచ్2 (మెమరీలో నడిచే చిన్న డేటాబేస్) మీద నడుస్తుంటే టెస్ట్‌కంటెయినర్స్‌తో అసలైన పోస్ట్‌గ్రెస్ మీదకి మార్చండి, అది కూడా ప్రొడక్షన్‌లో ఉన్న మేజర్ వెర్షనే అయి ఉండాలి. ఆన్ కాన్‌ఫ్లిక్ట్, జేసన్‌బీ, ఎర్రర్ తర్వాత ట్రాన్సాక్షన్ ప్రవర్తన వంటివి హెచ్2లో పరీక్షిస్తే ఆ ఫలితాన్ని నమ్మడానికి లేదు.

జేడీబీసీ క్లయింటా, జూకా?

మీ కోడ్‌లో సెర్చ్ స్క్రీన్లు ఎన్ని ఉన్నాయో లెక్కపెట్టండి. క్వెరీలు చాలావరకు స్థిరంగా ఉంటే స్ప్రింగ్ బూట్ 3.2 నుంచి వస్తున్న జేడీబీసీ క్లయింట్, జావా టెక్స్ట్ బ్లాకులు చాలు. ఎనిమిది ఫిల్టర్లలో యూజర్ ఏవి నింపితే అవి మాత్రమే వేర్‌లోకి వెళ్లాల్సిన స్క్రీన్లు పది ఉంటే జూక్ తీసుకోండి. లేదంటే అందరూ ఒకే అలవాటులో పడతారు: ప్రతి ఫిల్టర్‌కీ "పారామీటర్ నల్ అయినా సరే, లేదా కాలమ్ దానికి సమానమైనా సరే" అని రాయడం. పోస్ట్‌గ్రెస్ చాలాసార్లు ఆ పారామీటర్ టైప్ తేల్చుకోలేక ఎర్రర్ ఇస్తుంది. కాస్ట్ పెట్టి దాటించినా, ఆ స్టేట్‌మెంట్‌కి జనరిక్ ప్లాన్ (పారామీటర్ విలువలు చూడకుండా వేసే ప్లాన్) పడిన రోజు ఇండెక్స్‌లు పక్కకు పోతాయి.

జూక్ స్కీమా నుంచి క్లాసులు తయారు చేస్తుంది. కాలమ్ పేరు మారిస్తే కంపైల్ ఆగిపోతుంది, అదే దాని అసలు విలువ. పోస్ట్‌గ్రెస్, మైఎస్‌క్యూఎల్‌కి ఉచిత ఎడిషన్ సరిపోతుంది. ఒరాకిల్, ఎస్‌క్యూఎల్ సర్వర్‌కి డబ్బు కట్టాలి. జూక్‌ని స్ప్రింగ్ బూట్ స్టార్టర్ ద్వారానే తెచ్చుకోండి. చేత్తో మామూలు డేటాసోర్స్ ఇచ్చి కట్టుకుంటే అది వేరే కనెక్షన్ తెరిచి, మీ @ట్రాన్సాక్షనల్ బయట నడుస్తుంది. రోల్‌బ్యాక్ అయినప్పుడు సగం డేటా మిగిలిపోతుంది.

ఏది వాడినా రెండు నియమాలు. ఆర్డర్ బైలో కాలమ్ పేరు పారామీటర్‌గా వెళ్లదు కాబట్టి, యూజర్ పంపిన సార్ట్ పేరుని ముందే రాసుకున్న జాబితాతో పోల్చి అందులోంచే తీసుకోండి. దాన్ని నేరుగా స్ట్రింగ్‌లో అతికించారా, ఎస్‌క్యూఎల్ ఇంజెక్షన్‌కి తలుపు తీసినట్టే. రెండోది, ప్రతి క్వెరీలో కామెంట్‌గా దాని పేరు పెట్టండి. స్లో లాగ్‌లో, పీజీ_స్టాట్_యాక్టివిటీలో అది కనిపిస్తుంది. ఏ స్క్రీన్ వెనక ఏ క్వెరీ అన్న మీ మొదటి ప్రశ్నకి అక్కడే జవాబు దొరుకుతుంది.

చదివే కోడ్

స్క్రీన్‌కి కావాల్సినంతే ఒక జావా రికార్డ్‌గా రాసి, సెలెక్ట్‌లో కాలమ్స్ పేరుపేరునా ఇవ్వండి. ఎంటిటీనే తిరిగి నింపి ఇవ్వొద్దు. కారణం ఇదీ: హైబర్నేట్ కింద పెరిగిన కోడ్‌లో ఆర్డర్‌ని చదివి, దాని స్టేటస్ సెట్టర్ పిలిచి, సేవ్ పిలవకుండా వదిలేసిన చోట్లు ఉంటాయి. డర్టీ చెకింగ్ (మారిన ఆబ్జెక్ట్‌లని హైబర్నేట్ తనే పసిగట్టడం) వల్ల కమిట్ సమయంలో అది దానంతట అదే అప్‌డేట్ అయిపోయేది. మీరు అదే క్లాస్‌ని ఎస్‌క్యూఎల్‌తో నింపి ఇస్తే కోడ్ కంపైల్ అవుతుంది, సెట్టర్ పనిచేస్తుంది, డేటాబేస్‌లో మాత్రం ఏమీ మారదు. రికార్డ్‌కి సెట్టర్లే ఉండవు కాబట్టి అలాంటి చోట్లన్నీ కంపైల్ ఎర్రర్లుగా బయటికొస్తాయి. ఈ మార్పు మొత్తంలో ఇంత చవగ్గా దొరికే రక్షణ ఇంకొకటి లేదు.

ఆర్డర్లు, వాటి ఐటెమ్‌లు కలిపి తేవాలంటే రెండు క్వెరీలు చాలు. ముందు లిమిట్‌తో ఆర్డర్లు, తర్వాత ఆ ఐడీల అర్రే ఇచ్చి ఐటెమ్‌లు, జావాలో మ్యాప్ మీద కలపడం. ఐటెమ్‌లు, పేమెంట్లు రెండిటినీ ఒకే జాయిన్‌లోకి తేవద్దు: 10 ఐటెమ్‌లు, 4 పేమెంట్లు ఉన్న ఆర్డర్‌కి 40 వరసలు వస్తాయి, మొత్తం లెక్కలు తప్పుతాయి. జూక్‌లో మల్టీసెట్, మామూలు ఎస్‌క్యూఎల్‌లో జేసన్_ఆగ్ ఈ పనిని ఒకే క్వెరీలో చేస్తాయి.

ఐడీల జాబితాకి ఇన్ బదులు = ఎనీ(?) రాసి బిగ్‌ఇంట్ అర్రే పంపండి. ఇన్‌తో అయితే జాబితా పొడవు మారిన ప్రతిసారీ అది కొత్త ఎస్‌క్యూఎల్ అవుతుంది, ఖాళీ జాబితాకి సింటాక్స్ ఎర్రర్ వస్తుంది, 65,535 పారామీటర్లు దాటితే డేటాబేస్ ఒప్పుకోదు. అర్రే ఎంత పెద్దదైనా ఒక్క పారామీటరే.

రిజల్ట్ సెట్ చదివేటప్పుడు ఎక్కువ మంది పడే గుంట నల్ విలువలు. గెట్‌లాంగ్ నల్‌కి 0 ఇస్తుంది, గెట్‌బూలియన్ ఫాల్స్ ఇస్తుంది. డెలివరీ బాయ్ ఐడీ లేని ఆర్డర్‌కి 0 నంబర్ మనిషి వచ్చి కూర్చుంటాడు. గెట్‌ఆబ్జెక్ట్‌కి లాంగ్ క్లాస్ ఇచ్చి చదవండి. టైమ్‌స్టాంప్-విత్-టైమ్‌జోన్ కాలమ్స్‌కి ఆఫ్‌సెట్‌డేట్‌టైమ్ వాడండి. జోన్ లేని టైమ్‌స్టాంప్ కాలమ్స్ ఉంటే హైబర్నేట్ సెట్టింగుల్లో జేడీబీసీ టైమ్‌జోన్ ఏముందో చూడండి. అక్కడ యూటీసీ ఉండి, సర్వర్ జేవీఎం ఇండియా టైమ్‌లో ఉంటే, కొత్త కోడ్ ఐదున్నర గంటల తేడాతో చదువుతుంది.

పెద్ద రిపోర్టుల విషయం: పోస్ట్‌గ్రెస్ జేడీబీసీ డ్రైవర్ డిఫాల్ట్‌గా మొత్తం ఫలితాన్ని మెమరీలోకి తెచ్చుకుంటుంది. ఫెచ్ సైజ్ 500 అని పెట్టినా, ఆటోకమిట్ ఆఫ్‌లో లేకపోతే దాన్ని పట్టించుకోదు. కాబట్టి ట్రాన్సాక్షన్ లోపలే చదవాలి.

ప్రతి క్వెరీని పాత దారితో పోల్చి చూశాకే మార్చండి. ప్రొడక్షన్ పోలికలో ఉన్న డేటా మీద రెండూ నడిపి ఫలితాలు పోల్చే టెస్ట్ చాలు. బిగ్‌డెసిమల్‌ని ఈక్వల్స్‌తో పోల్చొద్దు. 10.0, 10.00 దానికి వేరువేరు. ఆర్డర్ బై లేని లిస్టుల్లో క్రమం కూడా పోల్చొద్దు. ఆ క్రమం మీద స్క్రీన్ ఆధారపడుతుంటే ఎస్‌క్యూఎల్‌లో ఆర్డర్ బై చేర్చండి.

రెండూ కలిసి బతికే కాలం

ఇక్కడ ఒక సుఖం ఉంది. జేపీఏ ట్రాన్సాక్షన్ మేనేజర్, హైబర్నేట్ డయలెక్ట్ కలిసి, అదే డేటాసోర్స్ మీద నడిచే జేడీబీసీ కోడ్‌కి కూడా అదే కనెక్షన్ ఇస్తాయి. ఒక @ట్రాన్సాక్షనల్ మెథడ్‌లో రిపాజిటరీ సేవ్, జేడీబీసీ క్వెరీ రెండూ ఉన్నా కమిట్ ఒక్కటే.

ఇబ్బంది ఎక్కడంటే, సేవ్ పిలవగానే ఎస్‌క్యూఎల్ పోదు, ఫ్లష్ అయినప్పుడు పోతుంది. హైబర్నేట్ తన సొంత క్వెరీల ముందు ఫ్లష్ చేసుకుంటుంది కానీ జేడీబీసీ క్వెరీ నడుస్తోందని దానికి తెలియదు. అందుకని ఒకే ట్రాన్సాక్షన్‌లో హైబర్నేట్ రాసినదాన్ని ఎస్‌క్యూఎల్ చదవాలంటే మధ్యలో ఫ్లష్ పిలవాలి. ఎదురు దారిలో, ఎస్‌క్యూఎల్ రాసినదాన్ని హైబర్నేట్ చదవాలంటే రిఫ్రెష్ లేదా క్లియర్ కావాలి. లేకపోతే సెషన్‌లో ఉన్న పాత కాపీనే ఇస్తుంది. క్లియర్ ముందు ఫ్లష్ చెయ్యకపోతే ఇంకా రాయని మార్పులు మాయమవుతాయి. సెకండ్ లెవెల్ క్యాష్ ఉన్న ఎంటిటీ అయితే, దాని రాసే కోడ్ మార్చే ముందే ఆ ఎంటిటీకి క్యాష్ తీసెయ్యండి.

ఒక టేబుల్‌కి రాసే దారి ఒక్కటే ఉండాలని మొదట్లో అన్నది ఇందుకే: హైబర్నేట్ అప్‌డేట్ డిఫాల్ట్‌గా అన్ని కాలమ్స్‌నీ రాస్తుంది, మారింది ఒక్కటే అయినా సరే. హైబర్నేట్ ఒక ఆర్డర్ చదివింది. ఆ తర్వాత మీ ఎస్‌క్యూఎల్ ఆ ఆర్డర్ పేమెంట్ స్టేటస్‌ని చెల్లించినట్టు మార్చింది. చివరగా హైబర్నేట్ చిరునామా మార్పు రాస్తూ పాత పేమెంట్ స్టేటస్‌ని కూడా వెనక్కి రాసేసింది. చెల్లించిన ఆర్డర్ చెల్లించనిదైపోయింది, ఏ లాగ్‌లోనూ ఎర్రర్ లేదు. @వెర్షన్ ఉంటే కాపాడుతుంది, అదీ ఎస్‌క్యూఎల్ వైపు వెర్షన్ పెంచితేనే. కొన్ని రోజులు రెండు దారులూ తప్పనిసరైతే ఆ ఎంటిటీకి @డైనమిక్‌అప్‌డేట్ పెట్టండి, రెండు వైపులా వెర్షన్ పాటించండి.

రాసే కోడ్

వెర్షన్‌తో అప్‌డేట్ ఇలా ఉండాలి: అప్‌డేట్ ఆర్డర్స్ సెట్ స్టేటస్ = ?, వెర్షన్ = వెర్షన్ + 1 వేర్ ఐడీ = ? అండ్ వెర్షన్ = ?. తిరిగొచ్చిన సంఖ్య 0 అయితే మీరే ఆప్టిమిస్టిక్‌లాకింగ్‌ఫెయిల్యూర్‌ఎక్సెప్షన్ విసరాలి. ఆ సంఖ్యని చూడకుండా వదిలేస్తే, వెర్షన్ కాలమ్ ఉండీ లాభం లేదు. రీట్రై చేసే పాత కోడ్ దాని పిల్ల క్లాస్‌ని, అంటే ఆబ్జెక్ట్ అనే మాటతో మొదలయ్యేదాన్ని పట్టుకుంటూ ఉండవచ్చు. పైక్లాస్‌ని పట్టుకునేలా దాన్ని మార్చండి.

ఆర్డర్ ఐటెమ్‌ల లిస్టు సేవ్ చెయ్యడం కొంచెం దగ్గరగా చూద్దాం. ఆర్ఫన్ రిమూవల్ ఉన్నచోట హైబర్నేట్ పాత లిస్టుతో తేడా లెక్కేసి ఇన్సర్ట్, అప్‌డేట్, డిలీట్ చేసేది. చేత్తో చేస్తే మొదట ఆర్డర్ వరసని, పైన చెప్పిన వెర్షన్ షరతుతో, అప్‌డేట్ చెయ్యండి. ఆ వరస మీద లాక్ దొరుకుతుంది కాబట్టి అదే ఆర్డర్‌ని ఇంకొకరు సేవ్ చేస్తుంటే వాళ్లు ఆగుతారు. తర్వాత ఆ ఆర్డర్ ఐడీ ఉండి, ఐటెమ్ ఐడీ <> ఆల్(?) అయిన వరసలు డిలీట్. ఇక్కడ నాట్ ఇన్ వాడకండి: ఖాళీ జాబితాకి సింటాక్స్ ఎర్రర్ ఇస్తుంది, జాబితాలో ఒక్క నల్ ఉంటే ఏదీ డిలీట్ అవ్వదు. <> ఆల్‌లోనూ నల్‌తో అదే జరుగుతుంది, అందుకే కొత్త ఐటెమ్‌లకి ఐడీ లేకపోతే వాటిని అర్రేలోకి రానివ్వొద్దు. ఖాళీ అర్రేకి మాత్రం <> ఆల్ సరిగ్గా పనిచేసి ఐటెమ్‌లన్నీ తీసేస్తుంది. ఆ తర్వాత పాత ఐటెమ్‌లకి బ్యాచ్ అప్‌డేట్, కొత్తవాటికి బ్యాచ్ ఇన్సర్ట్. అప్‌డేట్ వేర్‌లో ఐటెమ్ ఐడీతో పాటు ఆర్డర్ ఐడీ కూడా పెట్టండి, లేకపోతే ఎవరైనా వేరే ఆర్డర్ ఐటెమ్ ఐడీ పంపి దాన్ని మార్చేయగలరు.

హైబర్నేట్ ఫ్లష్‌లో ఇన్సర్ట్‌లు ముందు, డిలీట్‌లు చివర. మీ కోడ్‌లో రాసిన వరసే నడుస్తుంది. యూనిక్ కన్‌స్ట్రెయింట్ ఉన్నచోట డిలీట్ ముందు పెట్టుకోగలగడం హాయి. కానీ ఫారిన్ కీల క్రమం ఇప్పుడు మీ బాధ్యత. పెద్ద ఇన్సర్ట్ బ్యాచ్‌లకి డ్రైవర్ యూఆర్ఎల్‌లో రీరైట్‌బ్యాచ్డ్‌ఇన్సర్ట్స్ = ట్రూ పెట్టండి. ఆ సెట్టింగ్‌తో బ్యాచ్ లెక్కలు 1 బదులు -2 అని రావచ్చు. అంటే విజయమే, ఎన్ని వరసలో డ్రైవర్ చెప్పలేకపోతోందంతే. ఆ సంఖ్యలు కూడి చూసే కోడ్ ఉంటే సరిచెయ్యండి.

లాక్‌ల విషయంలో ఒక మార్పు దాదాపు ఎవరూ ముందు ఊహించరు. హైబర్నేట్ అప్‌డేట్‌లు సాధారణంగా కమిట్‌కి ముందు, చివర్లో పోతాయి కాబట్టి వరస లాక్ కొద్దిసేపే ఉండేది. చేత్తో రాసిన అప్‌డేట్ ఆ లైన్ నడిచిన క్షణంలోనే లాక్ తీసుకుంటుంది. దాని కింద పేమెంట్ గేట్‌వేకి హెచ్‌టీటీపీ కాల్ ఉంటే, ఆ జవాబు వచ్చేదాకా లాక్ పట్టుకునే ఉంటుంది. అందరూ ఒకేసారి మార్చే స్టాక్ లాంటి టేబుళ్లలో దీని వల్ల ఉన్నట్టుండి క్యూలు కడతాయి. బయటి కాల్‌ని ట్రాన్సాక్షన్ బయటికి తియ్యండి, అప్‌డేట్‌లు చివరికి జరపండి. ఒకే ట్రాన్సాక్షన్‌లో అనేక స్టాక్ వరసలు మార్చే చోట ముందుగా ఐడీ క్రమంలో సార్ట్ చేసుకోండి. ఆ క్రమం పాటించకపోతే డెడ్‌లాక్‌లు వస్తాయి.

ఎర్రర్లు కూడా ఇప్పుడు వేరే చోట పుడతాయి. డూప్లికేట్ కీ ఎర్రర్ ఇదివరకు తరచుగా కమిట్ దగ్గర వచ్చేది, ఇప్పుడు ఇన్సర్ట్ లైన్‌లోనే వస్తుంది. దాన్ని పట్టుకుని, అదే ట్రాన్సాక్షన్‌లో ముందుకు సాగుదామనుకుంటారు. పోస్ట్‌గ్రెస్ ఒప్పుకోదు: ఒక్క స్టేట్‌మెంట్ ఫెయిలైతే ట్రాన్సాక్షన్ మొత్తం చెడిపోయి, తర్వాతి ప్రతి క్వెరీకీ అదే గొడవ చెబుతుంది. ఉన్నదైతే వదిలెయ్ అనుకున్న చోట ఆన్ కాన్‌ఫ్లిక్ట్ డూ నథింగ్ రాయండి, లేదా సేవ్‌పాయింట్ పెట్టండి.

సీక్వెన్సులు, చివరి తొలగింపు

సీక్వెన్స్ అంటే కొత్త ఐడీలకి డేటాబేస్ వరసగా నంబర్లు ఇచ్చే చోటు. జేపీఏలో సీక్వెన్స్ అలొకేషన్ సైజ్ డిఫాల్ట్ 50. డేటాబేస్ సీక్వెన్స్ కూడా 50 చొప్పున పెరుగుతుంది, హైబర్నేట్ ఒక్కో విలువకి 50 ఐడీలు వాడుకుంటుంది. రెండూ కలిసి ఉన్న రోజుల్లో మీ ఎస్‌క్యూఎల్ అదే సీక్వెన్స్ నుంచి నెక్స్ట్‌వాల్ తీసుకుంటే ఢీకొనదు, ఒక్కోసారికి 49 నంబర్లు వృథా అవుతాయంతే. బిగ్‌ఇంట్ కాలమ్‌కి అదొక లెక్క కాదు. వృథా చూసి తట్టుకోలేక ఎవరో సీక్వెన్స్ ఇంక్రిమెంట్‌ని 1కి మారుస్తారు. ఆ క్షణం నుంచి హైబర్నేట్ బ్లాకులు ఒకదాని మీద ఒకటి పడి డూప్లికేట్ కీలు మొదలవుతాయి. ఆ టేబుల్‌కి హైబర్నేట్ దారి పూర్తిగా పోయేదాకా 50ని ముట్టుకోవద్దని మైగ్రేషన్ ఫైల్లోనే కామెంట్ రాసిపెట్టండి.

చివరి ఎంటిటీ పోయాక డేటా జేపీఏ స్టార్టర్ తీసేసి జేడీబీసీ స్టార్టర్ పెట్టండి. స్ప్రింగ్ బూట్ తనంతట తానే జేడీబీసీ ట్రాన్సాక్షన్ మేనేజర్‌ని ఇస్తుంది, @ట్రాన్సాక్షనల్ గుర్తులేవీ మార్చక్కర్లేదు. హైబర్నేట్ వ్యాలిడేటర్ పేరు చూసి దాన్ని కూడా పీకెయ్యకండి. అది వేరే లైబ్రరీ, రిక్వెస్ట్ తనిఖీలకి కావాలి. ఓపెన్-ఇన్-వ్యూ ఇంకా ఉండి ఉంటే ఇప్పుడు పోతుంది. కనెక్షన్లు త్వరగా పూల్‌కి తిరిగొస్తాయి కాబట్టి పూల్ సైజ్ తగ్గించే వీలుందేమో ఒక వారం గమనించి చూడండి. మధ్యలో పీజీబౌన్సర్ (కనెక్షన్లు పంచే మధ్యవర్తి ప్రోగ్రామ్) ట్రాన్సాక్షన్ మోడ్‌లో ఉంటే, దాని 1.21 వెర్షన్ నుంచే ప్రిపేర్డ్ స్టేట్‌మెంట్లకి మద్దతు వచ్చింది. పాతది వాడుతూ డ్రైవర్‌లో ప్రిపేర్‌త్రెషోల్డ్ = 0 పెట్టి ఉంటే ఆ సెట్టింగ్ కొత్త కాన్ఫిగ్‌లోకి కూడా మోసుకురండి.

అప్పుడు సీక్వెన్సుల వంతు. పాత వెర్షన్ అప్లికేషన్ ఏ సర్వర్‌లోనూ నడవట్లేదని, వెనక్కి వెళ్లే అవసరం లేదని తేలాక, ప్రతి సీక్వెన్స్‌నీ ముందు ఆ టేబుల్‌లోని గరిష్ఠ ఐడీ మీద వెయ్యి కలిపి సెట్‌వాల్ చెయ్యండి. ఇప్పటికే సీక్వెన్స్ విలువ అంతకన్నా పైనుంటే కదిలించకండి. ఆ తర్వాతే ఇంక్రిమెంట్‌ని 1కి మార్చండి. పూల్డ్-లో అనే ఐడీ ఆప్టిమైజర్ వాడిన ప్రాజెక్టుల్లో ఈ సెట్‌వాల్ దాటెయ్యడానికి లేదు: అక్కడ సీక్వెన్స్‌లో కనిపించే విలువ బ్లాక్ అడుగు నంబర్ మాత్రమే, దాని పైనున్న 49 ఐడీలు ఇప్పటికే టేబుల్‌లో ఉండి ఉంటాయి.